ట్యాబ్ ఇచ్చిన తర్వాత



రంజాన్‌లో చందా పుస్తకం పట్టుకుని ఏ ఇంటికి వెళ్లినా, ఏ దుకాణం మెట్లెక్కినా పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే. "ఈ ఏడు ఎంతమంది పిల్లలకు ట్యాబ్‌లు ఇస్తున్నారు?" అడగడంలో తప్పు లేదు. సొమ్ము ఇచ్చేవారికి లెక్క తెలియాలి. అయితే, "పోయినేడు ఇచ్చినవాటిలో ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయి? అవి ఎవరి చేతిలో ఉన్నాయి? వాటిలో ఏం జరుగుతోంది?" అని అడిగినవారు ఇద్దరు ముగ్గురికి మించి నాకు తగల్లేదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

2020లో బడులు మూతపడ్డప్పుడు ఫోన్ లేని పిల్లవాడికి చదువే లేకుండా పోయింది. మన దాతలు అప్పుడు పరుగున వచ్చి ఫోన్లు కొనిచ్చారు. అల్లాహ్ వారికి మేలైన ప్రతిఫలం ఇవ్వాలి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఎనిమిదో తరగతి పిల్లలకు దాదాపు 5 లక్షల ట్యాబ్‌లు పంచింది. అంటే పరికరం పిల్లవాడి చేతికి చేరడం ఇప్పుడు అంత అరుదైన సంగతి కాదు. చేరిన తర్వాత దాని బాగోగులు చూసే మనిషి దొరకడమే అరుదు.

కొత్త ఫోన్ లేదా ట్యాబ్ ఇంటికి వచ్చిన మొదటి రోజు ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో ఎవరికీ దాన్ని తెరిచి సిద్ధం చేయడం రాదు. సందు చివర మొబైల్ షాపుకు తీసుకువెళతారు. షాపు కుర్రాడు మంచివాడే, కానీ వెనుక పదిమంది నిలబడి ఉంటారు. గూగుల్ ఖాతా తెరవడానికి పుట్టిన తేదీ అడిగితే చేతికి వచ్చిన ఏదో సంవత్సరం కొడతాడు. పాస్‌వర్డ్ తనకు గుర్తుండేది పెడతాడు. ఖాతా పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇవ్వాల్సిన నంబరు దగ్గర ఒక్కోసారి తన నంబరే ఇస్తాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. యాభై రూపాయలో వందో తీసుకుంటాడు.

ఆ ఐదు నిమిషాల వల్ల మూడు చిక్కులు వస్తాయి. మొదటిది, ఆ పిల్లవాడి ఖాతా తాళం ఒక పరాయి మనిషి దగ్గర ఉండిపోయింది. రెండోది, ఆర్నెల్ల తర్వాత ఫోన్ మొరాయించి ఎవరో రీసెట్ కొడితే, తెరుచుకునేటప్పుడు అది పాత జీమెయిల్, పాస్‌వర్డ్ లేదా పాత లాక్ నంబరు అడుగుతుంది. దొంగ చేతికి చిక్కిన ఫోన్ పనికిరాకుండా పోవాలని గూగుల్ పెట్టిన కట్టుదిట్టం అది. మన ఇళ్లలో మాత్రం అది సొంతదారుకే అడ్డం పడుతుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. బాగున్న ఫోన్ బీరువా ఎక్కుతుంది. "పాడైపోయింది సార్" అంటారు. పాడవలేదు, తాళంచెవి పోయింది, అంతే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, అదే పుట్టిన తేదీ. గూగుల్ ఖాతాకు 13 ఏళ్లు నిండని పిల్లలైతే తల్లి లేదా తండ్రి అనుమతి కావాలి. ఆ ఖాతాను పెద్దవారు తమ ఫోన్ నుంచి ఫ్యామిలీ లింక్ ద్వారా చూసుకోవచ్చు. ఏ యాప్ దించుకోవాలో, రాత్రి ఎన్ని గంటలకు తెర ఆగిపోవాలో నిర్ణయించవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ 13 ఏళ్లలోపు వారికి కాదు. 18 లోపు వారికి 2025 నుంచి మన దేశంలో కూడా టీన్ ఖాతాలు వచ్చాయి. వాటిలో ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివారు సందేశం పంపలేరు, 16 లోపు పిల్లలు ఈ ఏర్పాట్లను సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. ఇవన్నీ ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉన్నాయి. షాపులో 1995 అని కొట్టిన రోజున పన్నెండేళ్ల పిల్ల ఆ కంపెనీ దృష్టిలో ముప్పై ఏళ్ల మనిషి. కంపెనీ పెట్టిన ఏ కంచే ఆమె చుట్టూ ఉండదు. వేలు పెట్టి కొన్న ట్యాబ్‌లో పైసా ఖర్చులేని ఈ రక్షణ నిజమైన పుట్టిన తేదీతోనే వస్తుంది. అందుకే ఏ పరికరమైనా బడిలోనే, తల్లి పక్కన కూర్చుని ఉండగా తెరవాలని నేను పట్టుబడతాను. పాస్‌వర్డ్ తల్లి డైరీలోనో రేషన్ కార్డు కవరులోనో రాసి పెట్టించాలి. గోడకు అంటించకూడదు. అలా అంటించిన ఇళ్లూ ఉన్నాయి.

తల్లి అని ఎందుకు అంటున్నానంటే, మన మహల్లాల్లో చాలా ఇళ్లలో తండ్రి ఊళ్లో ఉండడు. కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, లారీ మీదో ఉంటాడు. ఇంట్లో ఒక ఫోన్, దాన్ని వాడేవారు ఐదుగురు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు కనుక అబ్బాతో మాట్లాడటానికి బోటిమ్ వేసుకుంటారు, మరొకరు ఐఎంఓ వేసుకుంటారు. ఎవరు ఏది వేశారో, దేనికి ఏ అనుమతి ఇచ్చారో తల్లికి తెలియదు. పైగా భాష ఒక చిక్కు. కొందరు అమ్మీలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కానీ తెలుగే చదవగలరు. కొందరు ఉర్దూ మాత్రమే చదవగలరు. కొందరికి రెండూ రావు. నూర్‌బాషా కుటుంబాల్లో ఇంటి మాటే తెలుగు. ఫోన్ సెట్టింగులు మాత్రం అందరికీ ఇంగ్లీషులో ఉంటాయి. అచ్చువేసిన కరపత్రం పంచితే కొంగున ముడివేసుకుని వెళ్లిపోతారు. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి ఉర్దూలో, ఒకటి తెలుగులో పంపితే వింటారు, మళ్లీ వింటారు, పక్కింటి ఖాలాకు వినిపిస్తారు. ఫోన్ భాషను తెలుగులోకో ఉర్దూలోకో మార్చి ఇవ్వడం కూడా చిన్న పనే. చేసిపెట్టే మనిషి ఉండాలి.

డబ్బు మోసాల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే పత్రికల్లో వీటి గురించి మీరు చదువుతూనే ఉన్నారు. స్కాలర్‌షిప్ మంజూరైందనీ ఓటీపీ చెప్పమనీ వచ్చే ఫోన్లకు పేద ఇళ్లు ఎందుకు లొంగుతాయో మాత్రం గుర్తించాలి. స్కాలర్‌షిప్ కోసం ఆ ఇల్లు నిజంగానే ఎదురుచూస్తోంది. 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ పరిశీలన జరిపిస్తే, చూసిన 1,572 సంస్థల్లో 830 సంస్థలు నకిలీవో నడవనివో అని తేలింది. కేసు సీబీఐకి వెళ్లింది. అంటే పిల్లల పేరు మీద వచ్చే సొమ్ము మీద కన్ను వేసినవారు ఫోన్ అవతల మాత్రమే లేరు. పెళ్లి శుభలేఖ పేరుతో, ప్రభుత్వ పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కితే అది ఒక యాప్‌గా ఫోన్‌లో కూర్చుంటుంది, మనకొచ్చే ఓటీపీలను అది చదివేస్తుంది. శుభలేఖ అంటే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగే శుభలేఖ ఎక్కడా ఉండదు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి. అవతలివాడు డ్రా చేసుకోకముందే ఫిర్యాదు బ్యాంకుకు చేరితే ఆ మొత్తాన్ని ఆపే వీలుంటుంది. రేపు అన్నయ్య వచ్చాక చూద్దాం అంటే డబ్బు చేతులు దాటిపోతుంది.

ఇక అసలు భయం దగ్గరకు వస్తాను. సావనీరులో ఇది రాయవచ్చా అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. రాయకపోతే ఈ వ్యాసం అవసరమే లేదు.

ఒక అమ్మాయి ఫొటోను ఎవడో తీసుకుంటాడు. కొన్నిసార్లు ఆమే నమ్మి పంపింది అయి ఉంటుంది. కొన్నిసార్లు బడి వార్షికోత్సవం ఫొటోలోంచి ముఖం కోసి వేరే శరీరానికి అతికించింది అయి ఉంటుంది. ఇప్పుడు ఆ అతికింపు ఫోన్‌లోనే నిమిషాల్లో అయిపోతోంది. ఆ తర్వాత బెదిరింపు మొదలవుతుంది. ఇంకో ఫొటో పంపు, డబ్బు పంపు, లేకపోతే మీ అబ్బాకు పంపిస్తాను అంటాడు. ఈ బెదిరింపు బలమంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఆ అమ్మాయి వాడికంటే ఇంటికే ఎక్కువ భయపడుతోందని వాడికి తెలుసు. విషయం ఇంట్లో తెలిస్తే ఫోన్ లాక్కుంటారు, బడి మాన్పిస్తారు, తొందరగా సంబంధం చూస్తారు. తప్పు చేసినవాడు తన బడికి తాను వెళుతూనే ఉంటాడు. పదో తరగతి ముందు నాలుగైదు నెలలు హఠాత్తుగా నలత పడే అమ్మాయిలలో అందరిదీ కడుపునొప్పి కాదని ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు అర్థమైంది.

కాబట్టి ఆన్‌లైన్ భద్రతకు కావలసిన మొదటి వస్తువు సాఫ్ట్‌వేర్ కాదు. ఫోన్ లాక్కోకుండా, గొంతు పెంచకుండా విని, ఏం చేయాలో తెలిసిన ఒక పెద్ద మనిషి. బడిలో ఒక ఆపా అయితే మరీ మంచిది. ఆమెకు తెలిసి ఉండవలసినవి నాలుగైదు ఉన్నాయి.

పిల్లను తిట్టకూడదు. సందేశాలు, ఎదుటివాడి ఖాతా పేరు, నంబరు చెరిపేయకూడదు, అవే సాక్ష్యం. డబ్బు పంపకూడదు, పంపితే బెదిరింపు ఆగదు. ఆ ఫొటోను మాత్రం "నాకు పంపు, చూస్తాను" అని ఎవరూ అడగకూడదు. 18 ఏళ్లలోపు పిల్లల అలాంటి బొమ్మను దగ్గర పెట్టుకోవడం, చేరవేయడం ఐటీ చట్టం 67బి కింద నేరం. సాయం చేస్తున్నానంటూ కమిటీ గ్రూపులో పెట్టినా నేరమే.

ఫొటో పాకకుండా ఆపడానికి ఒక మార్గం ఉంది. 18 లోపు వారి కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ 2023 నుంచి నడుస్తోంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే జాతీయ కేంద్రం దాన్ని నడుపుతోంది. ఇందులో బొమ్మను ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ బొమ్మకు వేలిముద్ర లాంటి ఒక గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చేరిన కంపెనీలు ఆ గుర్తుకు సరిపోయే బొమ్మ కనిపిస్తే తొలగిస్తాయి. పేరు కూడా అడగరు. పెద్దవారికైతే ఇలాంటిదే స్టాప్ ఎన్‌సీఐఐ ఉంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేవాటిని ఇవి ఆపలేవు. ఆ సంగతి పిల్లకు ముందే చెప్పాలి, లేనిపోని ధైర్యం ఇవ్వకూడదు.

పోలీసుల దగ్గరకు వెళ్లడానికి మనవాళ్లు వెనకాడతారు. నలుగురిలో పరువు అంటారు. పోక్సో చట్టం 2012లో ఈ భయం కోసమే కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. పిల్ల స్టేషన్‌కు వెళ్లి నిలబడనక్కర్లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. తల్లిదండ్రులో ఆమె నమ్మే మనిషో పక్కన ఉండాలి. పేరు, ఊరు, బడి పత్రికల్లో రాకూడదు. ఇంకో మాట, ఇది మన పెద్దలకు ప్రత్యేకంగా. ఇలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం ఆ చట్టం ప్రకారం శిక్షకు గురయ్యే పని. జమాఅత్ పెద్దలు కూర్చుని ఇరుపక్షాలనూ పిలిచి సర్దుబాటు చేసే వ్యవహారం కాదిది. దారి తెలియనప్పుడు పిల్లల సహాయ నంబరు 1098 ఉంది, సైబర్ నేరాలకు కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. ఆడపిల్లలు, పిల్లల మీద జరిగే నేరాలకు అందులో వేరే విభాగమే ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

తల్లిదండ్రులు కొందరు నా దగ్గరకు వచ్చి, "సార్, పిల్ల ఫోన్‌లో ఏం చేసినా మాకు కనబడేలా చేసిపెట్టండి" అని అడుగుతారు. తొమ్మిదేళ్ల పిల్లకైతే చేసిపెడతాను. పదహారేళ్ల పిల్లకు తెలియకుండా చేయమంటే చేయను. హుజురాత్ సూరాలో ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని ఉంది, ఒకరి గుట్టు వెతకవద్దని కూడా అదే సూరాలో ఉంది. మొదటిది ఫార్వార్డు మెసేజ్‌ల గురించి బయానుల్లో తరచు వింటాం. రెండోది ఇంటి లోపలికి ఎలా వర్తిస్తుందో కూడా ఖతీబ్ సాహెబులు ఒక జుమా రోజున చెబితే బాగుంటుంది. పెద్దపిల్ల విషయంలో ఆమెకు చెప్పి, ఆమె ముందే సెట్టింగులు చూడటం మేలు. దొంగచాటు నిఘా బయటపడిన రోజున ఆమె రెండో ఫోన్ సంపాదిస్తుంది. అది ఎవరి దగ్గర నుంచి వస్తుందో మనకు తెలియదు.

ఇప్పుడు దాతల దగ్గరకు వస్తాను. ఇన్ని పనులు చేసే మనిషికి సొమ్ము ఎందుకు దొరకడం లేదు? దాతలకు మనసు లేక కాదు. కారణం మన చందాల తీరులోనే ఉంది. రంజాన్‌లో వచ్చేదాంట్లో పెద్ద భాగం జకాత్. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేద చేతికి, అతని సొంతంగా చేరాలి. దీన్నే తమ్లీక్ అంటారు. ట్యాబ్ కొని పేద కుటుంబానికి సొంతంగా ఇస్తే అందులో జకాత్ చెల్లుతుంది. దాన్ని బాగుచేసి, ఖాతా తెరిచి, తల్లులకు నేర్పే మనిషి జీతానికి జకాత్ వాడరు. ఆ ఖర్చు లిల్లాహ్ సొమ్ములోంచి, నఫిల్ సదఖాలోంచి రావాలి. అది తక్కువ వస్తుంది, వచ్చిందంతా కరెంటు బిల్లుకూ సున్నానికీ పోతుంది. ఫలితంగా వస్తువుకు డబ్బుంటుంది, దాన్ని చూసుకునే చేతికి ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఇందులోనే ఉంది. జకాత్‌తో ఇచ్చిన ట్యాబ్ ఆ కుటుంబం సొత్తు. చదువు అయ్యాక తిరిగి ఇవ్వమనే హక్కు మనకు ఉండదు, అమ్ముకున్నారని కోప్పడే హక్కూ ఉండదు. బడి బీరువాలో ఉంచి ఏడాదికొకరికి వాడుకకు ఇచ్చే పరికరాలు కావాలంటే అవి లిల్లాహ్ సొమ్ముతో కొనాలి. ఈ రెండు రకాలనూ రిజిస్టరులో విడివిడిగా రాయాలి. ఇందులో సందేహం ఉన్నవారు తమ ముఫ్తీ సాహెబును అడిగి నిర్ణయించుకోవాలి. నేను టీచరునే తప్ప ఆలిమ్‌ను కాను.

ఒక చిన్న లెక్క చూద్దాం. ట్యాబ్ పదివేలు అనుకుందాం. 40 ట్యాబ్‌లకు 4 లక్షలు. ఒకరిద్దరు దాతలు తమ లిల్లాహ్ సొమ్ముతో ఆరు ట్యాబ్‌లు కొనే బదులు ఆ 60 వేలు నిర్వహణకు ఇచ్చారనుకోండి. మన సంఘం సాయంతోనే డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకరు వారానికి రెండు మధ్యాహ్నాలు జుహ్ర్ తర్వాత బడిలో కూర్చుంటే నెలకు 4 వేలు ఇవ్వవచ్చు. ఏడాదికి 48 వేలు. మిగిలిన 12 వేలు చార్జర్లకు, చార్జింగ్ పిన్నులకు, పగిలిన అద్దాలకు. 40కి బదులు 34 ట్యాబ్‌లు ఉంటాయి, కానీ 34 నడుస్తూ ఉంటాయి. సైబర్ అవగాహన సదస్సు పేరుతో ఫ్లెక్సీకి, శాలువాలకు, ముఖ్య అతిథి బొకేకు అయ్యే ఖర్చు కలిపితే ఇంకో రెండు నెలల జీతం వస్తుందేమో. సదస్సులో పిల్లలు చప్పట్లు కొడతారు. మధ్యాహ్నం ఆపా దగ్గర కూర్చుని నోరు విప్పుతారు.

ఆ అమ్మాయి మొదటి వారంలో చేయవలసిన పని రిజిస్టరు. సిమ్ వేసే పరికరమైతే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అది రాసి, బిల్లు కాపీ జతపరచాలి. పరికరం పోతే పోలీసు ఫిర్యాదు కాపీతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరును అడ్డుకోవచ్చు. అదే పోర్టల్‌లో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడవచ్చు. తల్లులకు ఇది నేర్పిస్తే, తాము ఎన్నడూ తీసుకోని సిమ్ తమ పేరు మీద ఉందని తెలుసుకునేవారు ఉంటారు.

పాత ఫోన్లు, ఆఫీసు కంప్యూటర్లు ఇస్తామనే దాతలకు కూడా ఒక విన్నపం. ఇచ్చేముందు మీ గూగుల్ ఖాతా నుంచి బయటకు వచ్చి, సిమ్, మెమరీ కార్డు తీసి, ఆ తర్వాతే రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే పైన చెప్పిన తాళం సమస్యే మళ్లీ వస్తుంది, మీకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగవలసి వస్తుంది. సెట్టింగులలో సెక్యూరిటీ అప్‌డేట్ చివరిసారి ఏ తేదీన వచ్చిందో చూడండి. రెండు మూడేళ్లుగా రాకపోతే ఆ ఫోన్ వీడియో పాఠాలకు పనికొస్తుంది, బ్యాంకు పనికి, యూపీఐకి వాడకూడదని చీటీ అంటించి ఇవ్వండి. కంప్యూటర్లలో విండోస్ 10 ఉంటే దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కే యంత్రమైతే ఎక్కించి ఇవ్వండి. ఎక్కకపోతే పారేయవద్దు, అలాగే పంపండి. లినక్స్ వేసి తెలుగు, ఉర్దూ టైపింగ్ నేర్పడానికి వాడుకుంటాం. హార్డ్ డిస్కులో మీ లెక్కల ఫైళ్లు లేకుండా మాత్రం చూసి పంపండి.